కడిగేసిన ప్రహోక్

ఉప్పుచేపను మూడు నీళ్ళు కడగనిదే పొయ్యెక్కించకూడదని మచిలీపట్నంలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్త చెయ్యి ఆ పని దానంతటదే చేసుకుపోతుంది. ఆ ఉదయం కూడా అలాగే చేసుకుపోయింది.

ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని ఆ ఇంట్లో మార్త వంటకు చేరి ఏడాదయింది. ఇంటావిడ చన్నారిది కంబోడియా. శనివారాలు ఇద్దరూ ఐఎన్ఏ మార్కెట్‌కు వెళ్ళేవారు. నిమ్మగడ్డి కాడ విరిచి వాసన చూడడం, అల్లంలా కనిపించే గలాంగల్ దుంపను గోటితో గిల్లి లేతదో ముదరో పోల్చడం, ఆ రెంటినీ వెల్లుల్లి, పచ్చి పసుపుకొమ్ముతో కలిపి రోట్లో మెత్తగా నూరడం చన్నారే నేర్పింది. ఆ ముద్ద పడితే ఏ కూరయినా వాళ్ళ దేశం కూరే. పొద్దున పూట బొబొర్, అంటే పల్చటి అన్నం జావ, పక్కన ఎండుచేప. మన గంజీ మన చేపే కదా అనుకునేది మార్త. అలా అనుకోవడమే కొంప ముంచింది.

చన్నారి తల్లిని ఇంట్లో అందరూ యేయ్ అంటారు, అమ్మమ్మ అని. కడుపు ఆపరేషన్ కోసం ఢిల్లీ వచ్చింది. కుట్లు మానుతున్నాయి గాని పది రోజులుగా కొబ్బరినీళ్ళు తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. మర్నాటి సాయంత్రం లోపు ఏమైనా తినకపోతే మళ్ళీ ఆసుపత్రిలో చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. ఆ మాట విని ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారాక మాత్రం ఒక్క మాట అంది: "ప్రహోక్."

ప్రహోక్ అంటే చేపను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద. ఊరినుంచి చన్నారి అన్న తెచ్చిన సీసాలో అడుగున రెండు చెంచాలు మిగిలింది. అది వంటలో వేసే పని ఎప్పుడూ చన్నారిదే. ఆ రోజు ఆఫీసులో సెలవు దొరక్క సీసా మార్త చేతిలో పెట్టింది.

"దీదీ, బొబొర్‌లో వేసి పెట్టు. నాలుగింటికి వచ్చేస్తా. ఇంతే ఉంది, జాగ్రత్త."

మార్త మూత తీయగానే ఘాటు ముక్కుపుటాలదరగొట్టింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. పది రోజులకు మొదటిసారి యేయ్ తనంతట తాను లేచి కూర్చుంది! మార్త పొంగిపోయింది. ముద్దంతా గిన్నెలోకి తీసి గోరువెచ్చటి నీళ్ళు పోసింది, వంపేసింది. మళ్ళీ పోసింది. మూడో నీళ్ళు వంపాక చూస్తే గిన్నెలో నాలుగు ముళ్ళు, చిటికెడు పొలుసు. కండంతా కరిగి తూములోకి పోయింది.

మార్త తూములో వేలు పెట్టి చూసింది, ఏమీ తగల్లేదు. లోపల్నుంచి యేయ్ మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి గొంతులో అనుమానం ఉంది.

పదకొండు దాటింది. మార్త పక్కింటి తలుపు కొట్టింది. జానకమ్మగారు ముక్కుకు పమిటకొంగు అడ్డం పెట్టుకునే తలుపు తీశారు.

"ఏమిటే మార్తా ఆ కంపు! దేవుడి దగ్గర దీపం పెట్టుకుందామంటే మీ చేపలే ముందొచ్చి కూర్చుంటున్నాయి."

"అమ్మా, కాస్త ముసలావిడ దగ్గర కూర్చోండి. మీకు పుణ్యముంటుంది. నా వల్ల చాలా పెద్ద పొరపాటైంది."

మార్త మొహం చూసి జానకమ్మగారు కొంగు దించేశారు. "సరే పద. అయితే వంటింట్లోకి మాత్రం నేను రాను."

ఆటోలో ఐఎన్ఏ చేరేసరికి పన్నెండున్నర. ఎండు రొయ్యలున్నాయి, ఎండు సొరచేప ఉంది. ప్రహోక్ పేరు విన్నవాడు లేడు. చివరికి ఒక చేపలాయన అన్నాడు, "ఊరబెట్టిందా? మునీర్కాలో మణిపూర్ వాళ్ళ కొట్లున్నాయి, అక్కడడుగు దీదీ."

మునీర్కా సందుల్లో మార్త బోర్డులు చూడలేదు, వాసన వెంట నడిచింది. మూడో సందులో ఒక మెట్టు కింది కొట్టు ముందు కాళ్ళు ఆగిపోయాయి. కొట్టు పిల్ల బుట్ట మూత తీసింది. లోపల వెండి రంగు చిన్న చేపలు, మెత్తగా, చమురోడుతూ.

"ఙారి ఆంటీ. మా ఊళ్ళో ఇది లేనిదే ముద్ద దిగదు."

"కడగాలా?" అంది మార్త భయంభయంగా.

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. "కడిగితే ఏం మిగుల్తుంది ఆంటీ? సెగ చూపించి నూరుకో, అంతే."

మూడున్నరకు మార్త జానకమ్మగారిని పంపేసి, చేపకు సెగ చూపించి, ఉప్పు చేర్చి నూరి జావలో కలిపింది. వాసన దగ్గర దగ్గరగా ఉంది గాని అదే కాదు. దీనికి పొగ తగిలింది, దానిలో ఏటి బురద వాసనేదో ఉండేది. చన్నారికి చెప్పేయాలా? నోరు మూసుకుంటే గండం గడుస్తుందేమో! అంతలోనే తలుపు చప్పుడైంది.

"వాసన మెట్ల దాకా వస్తోంది దీదీ!" చన్నారి చెప్పులు విప్పకుండానే గిన్నె అందుకుని తల్లి దగ్గరికి పరుగెత్తింది.

యేయ్ ఒక చెంచా నోట్లో పెట్టించుకుంది. మింగలేదు. కళ్ళు మూసుకుని నాలుకతో అటూ ఇటూ తిప్పింది. తరవాత కళ్ళు తెరిచి, కూతురి భుజం మీదుగా గుమ్మంలో ఉన్న మార్తను చూసి ఏదో అంది.

చన్నారి వెనక్కి తిరిగింది. "ఇది మనది కాదంటోంది. ఎవరిదని అడుగుతోంది."

"కడిగేశానమ్మా," అంది మార్త. "ఉప్పుచేపనుకుని మూడు నీళ్ళు కడిగేశాను. అంతా పోయింది. ఇది మునీర్కాలో కొన్నాను. మణిపూర్ వాళ్ళది."

చన్నారి మొహం ఎర్రబడింది. "కడిగావా? మా అన్న నాలుగు వేల కిలోమీటర్లు మోసుకొచ్చాడు దాన్ని!"

యేయ్ కూతురి చెయ్యి పట్టి గుంజింది. చన్నారి పళ్ళ బిగువున విషయం తమ భాషలో చెప్పింది. ముసలావిడకు నవ్వొచ్చింది. కుట్లు లాగేసరికి పొట్ట పట్టుకుంది. మళ్ళీ నవ్వింది. నోట్లో ఉన్నది మింగేసింది.

చన్నారి రెండో చెంచా ముంచింది. యేయ్ దాన్ని పక్కకు నెట్టి గిన్నె కోసమే చేతులు చాచింది. ఇచ్చారు. గిన్నె వణికింది, జావ అంచుదాకా వచ్చింది.

"ఇలా రా," అంది చన్నారి, మార్త వైపు చూడకుండానే. "కింద పట్టుకో. ఒలికిందంటే చూడు."

మార్త మోకాళ్ళ మీద కూర్చుని గిన్నె అడుగున రెండు అరచేతులూ ఆనించింది. గిన్నె కాలిపోతోంది. ముసలావిడ గొంతు కదలడం లెక్కపెడుతోంది చన్నారి, పైకే, తమ భాషలో.