ఏ రైటు?

మా బిడ్డ ప్రవీణ జీపు వెనక తగిలించుకునే చక్రాల కొట్టు ఒకటి చేయించింది. లోపల అరలు, పక్కకు తెరుచుకునే కిటికీ. దుబ్బాక తువ్వాళ్లు సిద్దిపేట తీసుకెళ్లి అమ్ముతుందట. దానికి కారవాన్ అని పేరు కూడా పెట్టింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన నాకు ఆ డబ్బా ఒక లెక్కా అనుకున్నాను.

మొదటి సరుకు నేత కనకవ్వ ఇంటి నుంచి ఎత్తాలి. ఆ సందులో బండి తిరగదు, వెనక్కే పోవాలి.

"బాపూ, దీని సంగతి వేరే ఉంటది," అంది ప్రవీణ. "స్టీరింగ్ కుడికి తిప్పితే ఎనుక డబ్బా ఎడమకు పోతది. కొంచెం కొంచెమే తిప్పాలె. అనుమానమొస్తే దిగి సూడాలె."

"నువ్వు పుట్టకముందు సంది నడుపుతున్న. నాకే నేర్పుతవా?"

"సరే, నేను ఎనుక నిలబడి చెప్త. జర ఇను."

సందులో నా కుడివైపు కనకవ్వ పడుగు సాగదీసి ఉంది. రెండు గుంజల మధ్య గంజి పెట్టిన పోగులు, ఇంటి పొడవున. ఆమె భర్త రాజమల్లయ్య కుంచెతో దువ్వుతున్నాడు. ఎడమవైపు గోడ. సగం దూరం బాగానే పోయాను. తర్వాత డబ్బా పడుగు వైపు ఒరగడం మొదలుపెట్టింది.

"రైట్... రైట్!" అని అరిచింది ప్రవీణ.

స్టీరింగ్ కుడికి తిప్పమని. కుడి అద్దంలో దాని చెయ్యి గిర్రున తిరగడం నాకు కనిపించింది కూడా. కానీ ముప్పై ఏళ్లు కండక్టర్లు రైట్ రైట్ అంటే పోనియ్యమనే అర్థం. ఆపాలంటే హోల్డాన్ అనేవాళ్లు. కన్ను చూసినా కాలు చెవి మాటే విన్నది. తొక్కాను.

గుంజ విరిగింది. పడుగు నేల మీద పడి చక్రం కింద పోగులు టపటపా తెగాయి. రాజమల్లయ్య కుంచె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

సందంతా బయటికొచ్చింది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది: "నువ్వేగద బిడ్డా రైట్ రైట్ అన్నవ్!"

ప్రవీణ నా ముఖం చూసింది. ఒక్క క్షణమే. "అవును మామా, తప్పు నాదే," అంది రాజమల్లయ్యతో.

"బండి సంగతే తెల్వదంటే మా సరుకు నీ చేతికెట్లిస్తం?" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు తలూపారు. ఈ సందు సరుకు ఇవ్వకపోతే ఆ కొట్టు ఖాళీ డబ్బాయే. కనకవ్వ మాత్రం, "పోనియ్యవయ్యా, ఆడివిల్లకు బండ్ల సంగతేమెరుక," అని దాన్ని వెనకేసుకొచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా పరువు కోసం నా బిడ్డ చేతగానిదయింది.

ప్రవీణ కనకవ్వ పక్కన కూర్చుని తెగిన పోగులు అతకసాగింది. నేను జీపు దిగకుండా చూస్తున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పడానికి నాకు గంట పట్టింది, దొంగముఖం నాది.

చివరికి దిగాను. "రాజమల్లయ్యా, బిడ్డ తప్పు లేదు. తిప్పుమని చెయ్యి సూపిచ్చింది. అద్దంల సూసిన. సూసి గూడ పోనిచ్చిన. మల్ల తప్పు బిడ్డ మీదికే తోసిన."

కనకవ్వ పోగు ముడివేస్తూనే, "అయితే బండి ఆమెకియ్యి," అంది.

తాళం ఇచ్చాను. ప్రవీణ స్టీరింగ్ ముందు కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. కొంచెం కొంచెం తిప్పుతూ నత్తలా వస్తోంది. డబ్బా మూల గోడ వైపు జరిగేసరికి నా నోరు ఊరుకోలేదు. "రైట్ రైట్!" అని అరిచాను, డబ్బా కుడికి జరగాలని.

బండి ఆగింది. ప్రవీణ తల బయటపెట్టింది.

"ఏ రైటు బాపూ?"

సందంతా ఒక్కసారి నవ్వింది. తువ్వాళ్ల మూట పట్టుకుని గడపలో నిలబడ్డ కనకవ్వ కూడా నవ్వింది. నాకు మాత్రం సిగ్గుతో తల లేవలేదు.

"దిగి నువ్వే సూసుకో బిడ్డా," అన్నాను. "నా మాట నమ్మకు."

ప్రవీణ దిగి చూసుకుంది.