సరోజన గ్రైండర్

నేను ఒక గ్రైండర్‌ని. మిక్సీ జాతి కాదు, ముందే చెబుతున్నా. మిక్సీలకు అరుపెక్కువ, పని తక్కువ. నాది కోయంబత్తూరు రాయి, స్టీలు ఒళ్లు, లోపల ఒంటిచేత్తో లేపలేని పొత్రం. గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నా సరే, నా పిండి ముందు ఏ పిండైనా దిగదుడుపే.

ఏళ్ల తరబడి కరీంనగర్లో ఒక టిఫిన్ సెంటర్లో రుబ్బాను. యజమాని పిండిలో నీళ్లు గుమ్మరించేవాడు. ఇడ్లీ పొంగకపోతే తిట్లు మాత్రం నాకు. ఆడలేక మద్దెల ఓడన్నాడట! హోటల్ మూతబడ్డాక నన్ను మెట్ల కింద పడేశాడు. ఎలుకలు నాలో కాపురం పెట్టాయి.

అక్కడి నుంచి నన్ను బయటికి లాగింది కౌసల్యక్క. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. కాలనీ ఆడవాళ్లను కొందరిని కూడగట్టింది. మొగుడి దెబ్బలు పడలేక ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు గది చూడటం, పోలీసు స్టేషనుకు తోడు వెళ్లటం, బతకటానికి ఏదో ఒక పని చేతికివ్వటం వీళ్లు పెట్టుకున్న పని. జీతం లేదు, బత్తెం లేదు, ఇంట్లో సణుగుడు మాత్రం దండిగా ఉండేది. నాకు బెల్టు మార్పించారు, మోటారు బాగుచేయించారు, చింతపండుతో తళతళా తోమారు. ఎంత మంచివాళ్లో! మంచివాళ్ల మీద కోపగించుకోవటం ఎంత కష్టమో నాకు తర్వాత తెలిసింది.

నన్ను సరోజనకు ఇచ్చారు. ఆమెది పెద్దపల్లి వైపు పల్లె. మొగుడు ఓదెలు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి వినపడదు. ఎక్కడుందో వాడికి తెలియకుండా ఆ కాలనీలో చిన్న గదిలో దాచారు.

ఇక్కడ వీళ్ల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఏది ఇచ్చినా, చివరికి ఇడ్లీ పాత్ర ఇచ్చినా, వెనక ఫ్లెక్సీ కట్టి, శాలువా కప్పి, వస్తువు మీద తలా ఒక చెయ్యి వేసి ఫోటో దిగాల్సిందే. ఫోటో లేకపోతే దాతలు రెండోసారి తలుపు తియ్యరట. నా మీద కూడా అన్ని చేతులూ పడ్డాయి. సరోజన కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"వద్దక్కా. ఆయిన జూస్తే నన్ను బతకనియ్యడు."

"గట్లంటే ఎట్ల బిడ్డా! మన గ్రూపుల్నే పెడ్తం, బయటికి పోదు. జెర కొంగు తియ్యి. దాతలు నీ మొఖం జూడాలె గదా," అంది కౌసల్యక్క.

సాయం తీసుకునేవాళ్లు కాదంటే మన దగ్గర పొగరంటారు. సరోజన కొంగు తీసింది. నవ్వమంటే నవ్వింది కూడా. వెనక ఫ్లెక్సీ మీద కాలనీ పేరు ఇంతింత లావు అక్షరాలతో ఉంది.

తర్వాత కొన్నాళ్లు మాకు మంచి రోజులు. పొద్దున్నే మినప్పప్పు కడిగి పోసి, వినపడే చెవి నావైపు పెట్టి, పిండి మెదిగిందో లేదో చప్పుడుతోనే కనిపెట్టేది. కాలనీ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. 'సరోజన పిండి' అని పేరు పడింది. ఒకనాడు నాకు పసుపు, కుంకుమ పెట్టి, "నా పెద్దకొడుకువు నువ్వేరా" అంది. అబ్బ, నాకు గర్వం తలకెక్కింది, దాచుకునేదేముంది.

ఈలోగా ఫోటో ఊరు తిరుగుతోంది. గ్రూపులో ఒకామె మురిసిపోయి తన అన్నకు పంపింది. ఆయన తన ఊరి గ్రూపులో పెట్టాడు. చూసినవాళ్లంతా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఓదెలూ చూశాడు.

మిట్టమధ్యాహ్నం వచ్చాడు. సరోజన నన్ను కడుగుతోంది. పొత్రం తీసి గడప పక్కన పెట్టింది. వాడు ఎడమవైపు నుంచి వచ్చాడు, ఆమెకు అడుగుల చప్పుడు వినపడలేదు.

"సంపాదనకొచ్చినవటనే? ఈ చేత్తోనేనా?" అన్నాడు.

ఆమె కుడిచెయ్యి గడప మీద ఉంది. వాడు పొత్రాన్ని రెండు చేతులా లేపాడు. నా ఒంట్లో రాయి అది. నానిన పప్పు తప్ప ఏదీ నలిపి ఎరగదు. అంతకంటే చెప్పను. ఛీ, పాడు బతుకు!

అరుపుకు కాలనీ అంతా పరుగెత్తుకొచ్చింది. పారిపోతున్నవాణ్ని ఆడవాళ్లే పట్టుకున్నారు. సరోజనను ఆటోలో ఎక్కించి పంపాక కౌసల్యక్క గడప మీద కూలబడి నెత్తి కొట్టుకుంది.

"నేనే తొవ్వ జూపిచ్చిన్నే తల్లీ! నేనే జూపిచ్చిన!"

ఆడవాళ్లంతా వంతులు వేసుకొని ఆసుపత్రిలో కూర్చున్నారనీ, అన్నం కలిపి తినిపించారనీ, చెయ్యి దక్కిందిగానీ వేళ్లు ముడుచుకోవటం లేదనీ తర్వాత కోర్టులో విన్నాను.

పోలీసులు నన్నూ పట్టుకుపోయారు. పొత్రానికి చీటీ కట్టి సాక్ష్యమన్నారు. సామాన్ల గదిలో కత్తులు, గొడ్డళ్ల పక్కన పడేశారు. అవి నన్ను తమ చుట్టంగా చూశాయి. మెట్ల కింద ఎలుకలే నయం.

ఎన్నో వాయిదాల తర్వాత సరోజన బోనెక్కింది. కౌసల్యక్క గుమ్మం దగ్గర నిలబడింది. నన్ను తెచ్చి ముందు పెట్టారు.

"దీన్ని గుర్తుపట్టావా అమ్మా?" అన్నాడు సర్కారు వకీలు.

నాది ఒకటే భయం. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందేమోనని. ఎదురుగా ఓదెలు గుడ్లురుముతున్నాడు. ఆమె వాడి వంక చూడలేదు. ముడవని వేళ్లతో నా అంచు తడిమింది.

"గుర్తువట్టకేమి సారూ? ఇది నాది. నాకెప్పుడిస్తరు?"

"అది కాదమ్మా. దీంతోనే కొట్టాడా?"

"దీని పొత్రంతోనే కొట్టిండు. అగో, ఆయినెనే," అని ఓదెలును చూపించి, మళ్లీ జడ్జిగారి వైపు తిరిగింది. "ఎడమచేత్తోని పప్పు పోసుకుంట సారూ. దీన్ని నాకియ్యుర్రి, బతుకుత."

జడ్జిగారు కళ్లద్దాలు తీసి, కేసు తేలాకే ఇవ్వటం కుదురుతుందన్నారు. వాయిదా పడింది. జవాను నన్ను ఈడ్చుకెళ్లి గొడ్డళ్ల పక్కన పెట్టి తాళం వేశాడు.