తెర మీద బావమరిది

రేవులో అందరూ అతన్ని బావ అనే పిలిచేవారు. నిజానికి అతను బావ అయింది ఒక్కడికే. భార్య తమ్ముణ్ణి తనే తీసుకొచ్చి క్రేన్ పనిలో పెట్టించాడు. ఆ తమ్ముడు పొద్దస్తమానం "బావా, బావా" అని కేకలేస్తుంటే విని విని, కూలీల దగ్గర్నుంచి సూపర్‌వైజరు దాకా అందరికీ అదే పిలుపు అలవాటైపోయింది. బావమరిది నలభై దాటినా ఇంట్లో చిన్నోడే, రేవులోనూ చిన్నోడే. పెళ్ళి చేసుకోలేదు. "మా బావ అవస్థ చూశాక నాకా ముచ్చట తీరిపోయింది" అని అక్క ముందే అనేవాడు. అక్క గరిటె పట్టుకుని వెంటపడేది.

ఇద్దరూ ఓడల్లోంచి సరుకు పెట్టెలు దించే క్రేన్లు నడిపేవారు. ఒక్కో పెట్టె ఓ గదంత ఉంటుంది. డ్రైవరు కూర్చునే క్యాబిన్ ఆకాశంలో వేలాడుతుంటుంది. దాని అద్దపు నేలలోంచి, మోకాళ్ళ సందులోంచి, కిందికి వంగి చూస్తూ పూటంతా గడపాలి. ఏళ్ళ తరబడి అలా వంగి వంగి బావ నడుము దెబ్బతింది. ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడుకుంటే భార్య చెయ్యిచ్చి లేపాల్సి వచ్చేది. ఇక క్రేన్ మెట్లెక్కితే మంచాన పడతావని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ పని తప్ప అతనికి ఇంకో పని రాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రేవుకి ఫైవ్‌జీ వచ్చింది.

కూర్చున్నచోటి నుంచే క్రేన్ నడపాలని కంపెనీ ఇంతకు ముందూ ప్రయత్నించింది. పాత నెట్‌వర్క్ మీద కుదర్లేదు. ఇక్కడ చెయ్యి కదిపితే అక్కడ క్రేన్ తీరుబడిగా కదిలేది. అంత బరువు గాల్లో ఉన్నప్పుడు మనిషి ప్రాణం పోవడానికి ఆ కాస్త ఆలస్యం చాలు. కొత్తదాంతో ఆ బాధ లేదు. ఆఫీసు మేడ మీద చల్లటి గది, మెత్తటి కుర్చీ, ఎదురుగా తెరలు. మీట నొక్కీ నొక్కకముందే పెట్టె లేచేది. అక్కడ పని మొదలైన రోజు బావ ఇంటికొచ్చి, బూట్ల లేసులు తనే వంగి విప్పుకున్నాడు. భార్య అది చూసి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

అలా కూర్చుని ఒక్క మనిషి మూడు క్రేన్లు చూసుకోగలడని కంపెనీ తొందరగానే గ్రహించింది. అనుభవం ఎక్కువున్న కొద్దిమందిని గదిలో ఉంచి, మిగతావాళ్ళని తప్పించింది. బావ గదిలో మిగిలాడు. చిన్నోడికి నేల మీద పనిచ్చారు. గాల్లో వేలాడే పెట్టె కిందికి వెళ్ళి, నాలుగు మూలలా బిగించిన ఇనప తాళాలు ఊడదీయాలి. ఎండైనా వానైనా అదే పని.

"నీ బదులు నన్ను దించమని అడుగుతాన్రా" అన్నాడు బావ ఆ రోజు భోజనాల దగ్గర.

"అడిగి? ఆ నడుముతో తాళాలు తీస్తావా? ఊరుకో బావా. నాకేం, రాయిలా ఉన్నాను" అన్నాడు చిన్నోడు. అన్నాడేగానీ కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోయాడు.

తర్వాత అతను అక్క ఇంటికి రావడం తగ్గించాడు. బావకీ మొహం చెల్లలేదు. కానీ రోజూ చూస్తూనే ఉన్నాడు. తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉండేదంటే, కెమెరాని దగ్గరికి లాగితే చిన్నోడి గడ్డంలో నెరిసిన వెంట్రుకలు కనిపించేవి. మొదట్లో అతను అలవాటు కొద్దీ తలెత్తి క్యాబిన్ వైపు చెయ్యి ఊపేవాడు. అందులో ఎవరూ లేరని గుర్తొచ్చి చెయ్యి దించుకునేవాడు. కొన్నాళ్ళకి తలెత్తడమే మానేశాడు.

"మా తమ్ముడెలా ఉన్నాడండీ?" అని భార్య అడిగేది.

"బాగానే ఉన్నాడు. చూస్తూనే ఉన్నాగా."

ఆమె ఆ మాట పట్టుకుని నిశ్చింతగా ఉండేది.

చిన్నోడు బాగా లేడు. చిక్కిపోయాడు. సందు దొరికితే పెట్టెల చాటున చతికిలబడుతున్నాడు. ఒకరోజు అక్కడే మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. బావ గబుక్కున కెమెరా తిప్పేశాడు. ఆ తర్వాత వారం పాటు చిన్నోడు ఎడమ చెయ్యి రుద్దుకుంటూ కనిపించాడు. బరువు పని కదా, నొప్పులుంటాయిలే అనుకున్నాడు బావ. ఓసారి ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఏమని అడగాలి? పైనుంచి నిన్ను కనిపెట్టి చూస్తున్నానని చెప్పాలా? ఫోను మళ్ళీ జేబులో పెట్టేశాడు.

ఓ మధ్యాహ్నం పెట్టె గాల్లో ఉండగా, చిన్నోడు లారీ పక్కని పట్టుకుని అలాగే జారి నేల మీద కూలబడ్డాడు. బావ క్రేన్ ఆపి, ప్రమాదం సైరన్ మోగించాడు.

"ఆపావేం బావా? ఓడ వెళ్ళాలి!" అని సూపర్‌వైజరు అరిచాడు.

"మనిషి పడిపోయాడు సార్! మా చిన్నోడు!"

పరుగెత్తాలనే ఉంది. కానీ గాల్లో వేలాడుతున్న పెట్టెని వదిలి లేవడానికి లేదు. ఓ మూలకి జరిపి, మెల్లగా నేలకి దించాడు. అంతసేపూ తెర మీద చిన్నోడి ముఖం పాలిపోతూ కనిపిస్తూనే ఉంది.

చిన్నోడు బతికాడు. అతన్ని బతికించింది కూడా ఆ నెట్‌వర్కే. అంబులెన్సులో తీసిన ఈసీజీ గీతలు అప్పటికప్పుడే ఆస్పత్రికి చేరాయి. అక్కడి పెద్ద డాక్టరు తెర మీద రోగిని చూస్తూ, ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో దారిలోనే చెప్పించాడు. మునుపటి రోజులైతే దారిలోనే పోయేవాడన్నారు.

ఆస్పత్రి వరండాలో భార్య బావ రెండు చేతులూ పట్టుకుంది. "మీరు చూడబట్టి దక్కాడండీ."

అప్పుడే డాక్టరు బయటికొచ్చాడు. "ఇంతకుముందు నొప్పి ఏమైనా ఉండేదా?"

"వారం నుంచి ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నాడండీ. కూర్చుండిపోతున్నాడు" అని బావ గబగబా చెప్పేశాడు.

డాక్టరు వెళ్ళిపోయాడు. భార్య చేతులు వదిలేసింది.

"వారం నుంచా? నాకు బాగానే ఉన్నాడని చెప్పారు."

బావ డాక్టరు వెళ్ళిన వైపు చూశాడు.

"మీ గదిలోంచి కిందికి దిగడానికి మెట్లున్నాయా?"

"ఉన్నాయి."

ఆమె లోపలికెళ్ళి తమ్ముడి మంచం పక్కన కూర్చుంది.

గుండె సగం దెబ్బతిన్నవాడికి కంపెనీలో పని లేదు. అక్క అతన్ని ఇంటికి తీసుకొచ్చి ముందుగదిలో మంచం వేసింది. ఒక సాయంత్రం, ఆమె బజారుకెళ్ళినప్పుడు, చిన్నోడు గోడవైపు తిరిగి పడుకునే అడిగాడు.

"అంతా చూసేవాడివా బావా?"

"చూసేవాణ్ణిరా."

"పెట్టెల చాటున ఏడ్చినప్పుడు కూడా?"

"ఆ."

"ఎవరూ చూడట్లేదని ఏడ్చాను" అన్నాడు చిన్నోడు. "ఒక్కసారి దిగొచ్చి, ఏంట్రా అని తిట్టినా సరిపోయేది."

బావ మంచం పక్కన నిలబడ్డాడుగానీ, భుజం మీద చెయ్యి వేయడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు బావకి నడుము నొప్పి లేదు. ఈమధ్య నాలుగో క్రేన్ కూడా ఇచ్చారు. రాత్రి ముగ్గురూ ఒకేచోట భోజనానికి కూర్చుంటారు. చిన్నోడు వణికే చేత్తో ముద్ద కలుపుకుంటుంటే, ఎంత వద్దనుకున్నా బావ చూపు అటే పోతుంది.

"ఇటు చూడకు బావా" అంటాడు చిన్నోడు, కోపం లేకుండానే.

బావ తలదించుకుని తింటాడు. భార్య ఇద్దరికీ వడ్డిస్తుంది. ఆమె కూడా అతని మొహంలోకి చూడదు.