నీలవ్వ ఎరుక

తరిగొప్పుల అవతల ఒక పల్లెలో నలభై ఏళ్లుగా అందరి బర్రెలనూ కాసే నీలవ్వను, ఆ రోజు జైపాల్ ఇంటి ముందర కూర్చోబెట్టారు. చుట్టూ జనం. లేచి పోదామంటే సందు లేదు.

జరిగింది ఇదీ. ముందురోజు పొద్దున హోటల్ దగ్గర చాయ్ తాగుతున్న జైపాల్ దగ్గరికి ఆమె ఉరికి వచ్చి, "పటేలా, నీ చూడి బర్రె బతకదు. డాక్టర్‌ను పిలువు, నాకు ఎర్క" అంది. డాక్టర్ వచ్చేసరికి బర్రె పోనే పోయింది. మన దగ్గర తెలుసు అనడానికి ఎర్క అంటాం. సోది చెప్పేవాళ్లు చెప్పేదీ ఎరుకే. జైపాల్ ఆ రెండోదాన్ని పట్టుకున్నాడు. ఆ పొద్దున కొట్టంలో అడుగే పెట్టని మనిషికి ముందే ఎట్లా ఎరుకైందన్నాడు. సాయంత్రానికల్లా బాణామతి చేసి చంపిందన్న మాట ఇల్లిల్లూ తిరిగింది. ఊరు విడిచి పొమ్మన్నారు.

ఆ సంగతి విని జనగామ నుంచి రాజీవ్ సారు బస్సెక్కి వచ్చాడు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మూఢనమ్మకాలు వద్దని ఊళ్లు తిరిగే మనిషి. మంచివాడే పాపం. కళ్లు మోసం చేస్తాయి, చెవులు మోసం చేస్తాయి, పదిమంది అన్నంత మాత్రాన నిజం కాదు అని మొదలుపెట్టాడు. అన్నింటినీ అనుమానించుకుంటూ పోతే, ఇక అనుమానించడానికి వీల్లేనిది ఒకటి మిగులుతుందట. దాని మీద కాలుపెట్టి ఒక్కో మెట్టే ఎక్కాలట. నీలవ్వకు ఆ మాటలు నచ్చాయి. పేడ చూసి, కన్ను చూసి బర్రెకేమైందో చెప్పే మనిషికి అందులో కొత్తేముంది?

బర్రె ఏం తిన్నదని సారు అడిగాడు. వానలేక వాడిన లేత జొన్న పిలకలు, అవి విషమని ఆమె చెప్పింది. సారు ముఖం వెలిగింది.

"మరి కట్టేసిన బర్రెకు జొన్న ఎట్ల దొరికిందవ్వా? ఎవరో ఒకరు ఏసే ఉంటరు గద?"

ఆ పై మెట్టు మీద ఉన్నది స్వాతి, జైపాల్ పెళ్లాం. హనుమకొండ పిల్ల, జొన్నకూ గడ్డికీ తేడా తెలియదు. పచ్చగా ఉందని మోపు కోసుకొచ్చి బర్రె ముందర వేస్తుంటే, గోడ అవతల మందను తోలుకుపోతున్న నీలవ్వ చూసింది. చెప్పొద్దని స్వాతి చేతులు పట్టుకుంది. ఆ పిల్లకు ఇప్పుడు అయిదో నెల. పోయిన ఎండాకాలం పాలు ఒలికినందుకే జైపాల్ ఆమె చెయ్యి విరిచాడు, దవాఖానలో పట్టీ కట్టించుకుని వచ్చింది. ఇప్పుడు తలుపు వెనక నిలబడి ఉంది, కొంగు మాత్రమే కనబడుతోంది.

చెప్పకపోతే బాణామతి. చెప్తే ఆ పిల్ల గతి ఏంటి?

"అనుమానం లేకుంట చెప్పవ్వా. ఎవరేసిండ్రు?"

"నేనే. గోడ మీదికెల్లి ఏసిన."

జనంలోంచి రాములు నవ్వాడు. "నలభై ఏండ్లు బర్లు కాసినవ్, జొన్న పిలకలు ఎర్క లేవా ముసల్దానా?"

"ఏసినంక యాదికొచ్చింది. ముసల్దాన్నైతిని, ఏం జేస్త."

సారు జనం వైపు తిరిగి, చూశారా, మంత్రమూ లేదు తంత్రమూ లేదు, అడిగితే కారణం దొరికింది అన్నాడు. మాటకు మాట సరిగ్గా అతుక్కుంది, ఎక్కడా సందు లేదు. ఊరు కూడా ఒప్పుకుంది. ఆయన నీలవ్వ చేతులు పట్టుకుని, నిజం చెప్పినందుకు మెచ్చుకుని బస్సుకు వెళ్లిపోయాడు. ఊరు విడిచే మాట పోయింది. జైపాల్ మాత్రం తన బర్రెలను ముట్టవద్దన్నాడు. మిగతావాళ్లు ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు.

తెల్లారి ఒక్క కొట్టం తలుపూ ఆమె కోసం తెరుచుకోలేదు. ఎవరి బర్రెలను వాళ్లే తోలుకుపోతున్నారు. నీలవ్వ తన గడపలో కూర్చుని చూస్తోంది. రాములు బర్రె వెనకకాలు ఈడుస్తోంది. గిట్టలో ముల్లు దిగిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. చెప్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.