జాగ్రత్తల పుస్తకం రాసినావిడ రైలెక్కింది

ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళ కోసం జాగ్రత్తల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న ఆ రచయిత్రి, నిజం చెప్పాలంటే, అంతవరకు పక్క ఊరికైనా ఒంటరిగా వెళ్ళి ఎరగదు. ఆడపడుచులనీ, స్నేహితురాళ్ళనీ, ఒక పోలీసు అధికారిణినీ కూర్చోబెట్టి అడిగి, వాళ్ళు చెప్పిందంతా శ్రద్ధగా రాసింది. పుస్తకం చేతులు మారుతూ హాస్టళ్ళలోకీ ఆఫీసుల్లోకీ పాకింది. చివరికి సముద్రం ఒడ్డునున్న ఒక ఊరి గ్రంథాలయం వాళ్ళు సభకు పిలిచారు. తోడొస్తానన్న భర్తకు సరిగ్గా అప్పుడే నడుం పట్టేసింది.

"పోనీ మానేస్తావా?" అన్నాడాయన మంచం మీంచి.

"మానేస్తే ఇంక ఆ పుస్తకం నేనెందుకు రాసినట్టు?" అని ఆవిడ సంచీ భుజాన వేసుకుంది.

రైలు కదిలేసరికి ఆవిడ మనసు గాల్లో తేలిపోయింది. కిటికీ తనదే, సీటు తనదే, "మంచినీళ్ళు పెట్టుకున్నావా?" అని అడిగే మనిషే లేడు! చిన్నపిల్లలా కాళ్ళూపుకుంటూ కూర్చుంది. ఎదురుగా ఒళ్ళో ఎర్ర గొడుగు పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుంది.

"ఎందాకా వెళ్తున్నావమ్మా?"

"మధ్యలో దిగిపోతానండీ. మా అన్నయ్య స్టేషన్‌కి వస్తున్నాడు. పోలీసు."

రచయిత్రి గుండె ఎగిరి గంతేసింది. అన్నయ్య లేకపోయినా ఉన్నాడనే చెప్పమని తనే రాసింది. పోలీసు అనమన్నదీ తనే. ఎవరో నిజంగా చదివి, నిజంగా పాటిస్తున్నారు! పొంగుకొస్తున్న నవ్వును దగ్గులోకి మళ్ళించింది.

"మీరు ఒక్కరేనా, ఆంటీ?" అంది అమ్మాయి.

రచయిత్రి గబుక్కున, "లేదమ్మా, మా ఆయన పక్క బోగీలో ఉన్నారు. కరాటే నేర్పిస్తారు," అనేసింది.

కరాటే సంగతి ఆవిడ పుస్తకంలో లేదు. మంచం మీద అటు పొర్లలేక ఇటు పొర్లలేక మూలుగుతున్న మనిషి కళ్ళముందు మెదిలేసరికి ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. తనలో తనే నవ్వుకుంటున్న ఆవిడను చూసి, అమ్మాయి గొడుగును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

మధ్యలో దిగుతానన్న అమ్మాయి ఆఖరి స్టేషన్‌లోనే దిగింది. కరాటే భర్త జాడ లేకుండా రచయిత్రీ దిగింది. గ్రంథాలయానికి దారి ఒకటే. అమ్మాయి ఎడమకు తిరిగితే ఈవిడా ఎడమకే తిరిగింది. వెనకావిడ ముందుకు పోతుందేమోనని అమ్మాయి చెప్పుల షాపు అద్దం ముందు ఆగింది. వీధి పేరు చదువుకోవడానికి రచయిత్రీ అక్కడే ఆగింది. అమ్మాయి రోడ్డు దాటింది. గ్రంథాలయం అటువైపే ఉంది మరి, ఈవిడా దాటింది.

అమ్మాయి గిరుక్కున తిరిగి, మెళ్ళో వేలాడుతున్న ఈల నోట్లో పెట్టుకుని, వీధి అదిరేలా ఊదింది.

చెప్పుల షాపాయన చేతిలో చెప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు. మంగలి కత్తెరతో వచ్చాడు. అతని వెనకే సగం గడ్డం మనిషి నురగతో వచ్చాడు.

"ఈవిడ రైలు దగ్గర్నుంచీ నా వెంటే పడుతోంది! వాళ్ళాయన కరాటే మాస్టరంట, ఇక్కడే ఎక్కడో ఉంటాడు!"

అందరూ కరాటే మాస్టరు కోసం చుట్టూ చూశారు. మంగలి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, ఆ పుస్తకం రాసింది నేనే!"

"ఏ పుస్తకం?"

"నిన్ను ఈల కొనుక్కోమన్న పుస్తకం!"

"ఎవరైనా నేను ఫలానా గొప్పదాన్నని చెప్పుకుంటే నమ్మొద్దని అందులోనే ఉంది."

"ఉంది తల్లీ. అదీ నేనే రాశాను."

గోల విని గ్రంథాలయాధికారి పూలగుత్తితో బయటికొచ్చి, "మేడమ్, వచ్చేశారా!" అనేసరికి అమ్మాయి చేతిలోంచి ఈల జారిపోయింది.

"అయ్యో... మీ సభకే వస్తున్నానండీ నేను!"

రచయిత్రి కరెంటు స్తంభాన్ని పట్టుకుని కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఎంత బాగా ఊదావమ్మా!"

"ఇదివరకు రెండుసార్లు భయమేసినా ఊదలేదు మేడమ్. తీరా ఏమీ లేకపోతే పరువు పోతుందని."

ఆ మాట రచయిత్రి మనసులో నాటుకుంది. సభలో రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, అమ్మాయిని వేదిక మీదికి పిలిచి జరిగిందంతా చెప్పింది. "అనుమానం తప్పయితే ఏమవుతుందో ఇవాళ తెలిసింది. నలుగురూ పోగవుతారు, నవ్వుతారు, వెళ్ళిపోతారు. అంతే. మొహమాటపడకండి, ఊదండి!" అంది. హాలు హాలంతా ఘొల్లున నవ్వింది. వెనక వరసలో సగం గడ్డం మనిషి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సభయ్యాక ఆవిడ భర్తకు ఫోన్ చేసి, "నేను రేపొస్తాను. ఇవాళ సముద్రం చూస్తాను," అని చెప్పి, ఆయన ఇంకేదో అనేలోగా పెట్టేసింది. తర్వాత ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, చెప్పులు విప్పేసి, కెవ్వుమని కేకేస్తూ అలల్లోకి పరుగెత్తింది.