నొప్పే లేదన్న భుజం

నాకు కోపం ఎక్కువంటారు. నిజమే. ఉద్దనపల్లి బడిలో తెలుగు చెప్పి రిటైరైన కేశవప్ప సారు, అంటే నేను, బస్సెక్కితే మనవళ్లున్న శిష్యులు కూడా ఇప్పటికీ లేచి సీటిస్తారు. కానీ నా చేతి కింద చదివిన పిల్లలు ఫెయిలైతే నేను ఏనాడూ సహించలేదు. పిల్ల తప్పు రాసినా సరే, ప్రశ్నే తప్పని వాదించే రకం నేను.

అలాంటి నాకు షుగరు పుణ్యమా అని కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. చొక్కా తొడగాలంటే మా ఆవిడ నాగరత్నం సాయం కావాలి. ఆమె చొక్కాతో పాటు నాలుగు మాటలు కూడా తొడిగి పంపుతుంది. ఆ మాటలు పడలేక హోసూరులో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి చేరాను.

అక్కడ నన్ను నేత్ర అనే పిల్లకు అప్పగించారు. కృష్ణగిరి కాలేజీలో ఫిజియోథెరపీ చదువుతోంది. చదువు చివర్లో పిల్లల్ని ఆసుపత్రికి పంపి, ఒక సీనియర్ కళ్ల ముందు నిజమైన రోగులతో పని చేయిస్తారట. ఇక్కడ ఆ సీనియర్ శోభన మేడం. నేత్ర పొద్దున్నే కావేరిపట్టణంలో బయల్దేరి, కృష్ణగిరిలో బస్సు మారి వచ్చేది. వచ్చీ రాగానే "టిఫిన్ అయ్యిందా సార్?" అని అడిగేది. అలా అడిగే పిల్ల మీద ఎవరికైనా ప్రేమ పుట్టకుండా ఉంటుందా!

పనిలో మాత్రం మరీ మెత్తన. నా చెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తేది. బిగుసుకున్న చోటుకి రాగానే నేను "అబ్బా!" అనేవాణ్ని. క్లాసులు దద్దరిల్లించిన గొంతు కదా, నా అబ్బా కొంచెం పెద్దది. ఆ పిల్ల మొహం పాలిపోయేది. చెయ్యి దించేసి, కాపడం పెట్టి, "ఈ పొద్దుకి చాల్లే సార్" అనేది. నాకు హాయిగా ఉండేది. వారాలు గడిచాయి గానీ భుజం ఎక్కడున్నది అక్కడే ఉంది.

పక్క బల్ల మీద మోకాళ్ల నొప్పుల అంగాళమ్మదీ ఇదే కథ. బాగలూరు దగ్గర గులాబీ తోటల్లో పూలు కోసే మనిషి. నాలాగా అరవదు. "నా తల్లే, నా బంగారే, వద్దే" అని ఏడుస్తుంది. నేత్ర అక్కడా ఓడిపోయేది.

మా ఫిజియోథెరపీ హాల్లో గోడల్లేవు, అన్నీ పరదాలే. పరదా చాటున మాట్లాడితే ఎవరికీ వినబడదని ఆసుపత్రి వాళ్ల నమ్మకం. ఒక సోమవారం నేను కాపడం పెట్టుకుని పడుకునుంటే అవతల శోభన మేడం గొంతు వినిపించింది.

"నువ్వు వీళ్లకి వైద్యం చేస్తా ఉండావా, మర్యాద చేస్తా ఉండావా? అబ్బా అంటే ఆపేస్తావు, ఏడిస్తే ఆపేస్తావు. ఏ నొప్పికి ఆపల్ల, ఏ నొప్పికి ఆపకూడదు, అది నేర్చుకునేదానికే కదా నిన్ను ఈడికి పంపినారు?"

"పెద్దోళ్లు మేడం. వాళ్లని నొప్పించేదానికి చేతులు రావు నాకు."

"శుక్రవారం నీ అసెస్‌మెంట్. ఆ పొద్దు కూడా ఇట్లే ఉంటే నేను పాస్ వెయ్యను. నీ బ్యాచంతా ఇంటర్న్‌షిప్‌కి పోతాది. నువ్వు మళ్లీ మొదట్నించి ఈడికే రావల్ల."

తర్వాత ముక్కు చీదిన చప్పుడు. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ టిఫిన్ అడిగే పిల్లని ఫెయిల్ చేస్తుందా ఈవిడ! నా చెయ్యి లేవకపోతే పిల్ల ఫెయిలు, లేస్తే పాసు. ఇంతే కదా, లేపితే పోయె అనుకున్నాను.

నేత్ర అటు వెళ్లగానే అంగాళమ్మని పిలిచాను. "ఇదో అంగాళమ్మా, శుక్రవారం నీకు మోకాళ్ల నొప్పి లేదు."

"లేకుండా యాడికి పోతాది ఐవోరా?"

"యాడికో పోతాది. ఈ పిల్ల పాస్ కావల్ల."

"అట్లయితే పోతాది లే," అని వెంటనే ఒప్పుకుంది. మంచి మనిషి.

ఇంట్లో అద్దం ముందు సాధన మొదలుపెట్టాను. మామూలుగా ఎత్తితే చెయ్యి రాదు. కానీ భుజాన్ని చెవి దాకా ఎగరేసి, నడుము ఎడమ పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి ఒక్క విసురు విసిరితే పైకి పోతుంది. కళ్లల్లో నీళ్లొస్తాయి, అది వేరే సంగతి. నాగరత్నం వంటింటి గడప దగ్గర నిలబడి కాసేపు చూసింది. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది మీ వైద్యం," అని లోపలికి పోయింది.

శుక్రవారం వచ్చింది. శోభన మేడం చేతిలో ప్యాడ్ పట్టుకుని మా ముందు కూర్చుంది. నేత్ర నా జబ్బు సంగతంతా గడగడా అప్పచెప్పి, "చెయ్యి ఎత్తండి సార్," అంది. ఎత్తుతున్న నాకంటే ఆమెకే ఎక్కువ భయంగా ఉంది.

నేను ఒక్క విసురు విసిరాను. చెయ్యి తల మీదికి పోయింది. మొహాన నవ్వు కూడా పెట్టాను.

"నొప్పి ఎంతుండాది సార్?" అని మేడం అడిగింది.

"నొప్పా? అసలు లేదు మేడం. అంతా ఈ పిల్ల చేతి చలవ."

అడగకుండానే అంగాళమ్మ కూడా లేచి నిలబడింది. చేతికర్రని కాలితో బల్ల కిందికి నెట్టేసి, "నాకూ లేదు తల్లీ!" అని చాటింది.

మేడం కళ్లు పెద్దవి చేసింది. "భేష్. అట్లయితే నేత్రా, సార్‌ని ఈ పొద్దే పంపించేద్దామా? ఇంక రావద్దని రాసేస్తాను."

ఈ ముక్క నేను ఆలోచించలేదు. ఇంక రాకపోతే నా చొక్కా గతేమిటి? సరే, పిల్ల పాసైతే అదే పదివేలు. అవునను అని నేత్రకు కన్ను గీటాను.

నేత్ర నా కన్ను చూడలేదు. నా పాదాల వైపు చూస్తోంది. చెప్పుల్లో కాలివేళ్లు బాధతో ముడుచుకుపోయి ఉన్నాయి. ఆమె నా వెనక్కి వచ్చి, ఒక చెయ్యి వీపు మీద రెక్క ఎముకకు ఆనించి, ఇంకో చెయ్యి భుజం మీద గట్టిగా నొక్కిపట్టి, "ఇంకొక తూరి ఎత్తండి సార్," అంది.

భుజం ఎగరేయడానికి వీల్లేదు, నడుము వంచడానికి వీల్లేదు. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది.

"వదులమ్మా, పాసైపోతావు," అన్నాను గొంతు తగ్గించి.

వదల్లేదు. "మేడం, సార్ నడుము వంచి చెయ్యి లేపతా ఉండారు. భుజం ముందెట్లుండిందో అట్లే ఉండాది. ఆయన అరిచినప్పుడంతా నేను ఆపేసినాను, అందుకే. ఇప్పుడు పంపిస్తే ఇంకా బిగుసుకుంటాది. పంపించేదానికి లేదు." ఒక్క మాట కూడా దాచలేదు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇంత కష్టపడి నేను గట్టెక్కిస్తే తనే నీళ్లల్లో దూకుతుందా! ఇంతలో అంగాళమ్మ, "నా మోకాళ్లు కూడా అబద్ధమే తల్లీ. ఐవోరే చెప్పమన్నారు," అనేసి కూర్చుంది. అతి రహస్యం బట్టబయలు అంటే ఇదే.

మేడం నవ్వలేదు. ప్యాడ్ మీద ఏమీ రాయలేదు. "సరే, కనుక్కున్నావు. ఇప్పుడేం చేస్తావు?" అంది.

నేత్ర నన్ను బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి ఎత్తసాగింది. బిగుసుకున్న చోటు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. "అబ్బా!" అని అరిచాను.

నేత్ర చెయ్యి ఆగింది. మొహం మళ్లీ పాలిపోయింది. అయిపోయింది, నా నోరే పిల్లని ముంచింది అనుకున్నాను.

ఆమె వంగి నా కళ్లల్లోకి చూసింది. "సార్, లాగినట్టుండాదా, పొడిచినట్టుండాదా? నిజం చెప్పండి. పొడిస్తే ఆపేస్తాను."

పొడుస్తోందంటే చాలు, నా బాధ అక్కడితో తీరిపోతుంది. కానీ ఆ కళ్లల్లోకి చూస్తూ అబద్ధం చెప్పడం నా చేత కాలేదు.

"లాగినట్టే ఉండాది," అన్నాను.

"అయితే ఆపను. ఊపిరి మెల్లగా వదలండి. అరవాలనుంటే అరవండి."

అరిచాను. గేటు బయట టీ కొట్టు దాకా వినిపించి ఉంటుంది. నేత్ర ఆపలేదు, తొందరపడలేదు. నేను ఊపిరి వదిలినప్పుడల్లా చెయ్యి కొంచెం జరిపింది. అలా జరిపి జరిపి, ఇన్నాళ్లూ ఆగిపోయిన చోటు దాటించింది. దాటింది రెండు వేళ్లంతే అయినా, ఈసారి లేచింది నా భుజమే. నాకు నొప్పితో పాటు సంతోషం కూడా పొంగుకొచ్చింది.

మేడం ప్యాడ్ మీద టిక్కు కొట్టింది. "సార్ నడుము నేను అప్పుడే చూసినాను. నువ్వు చూస్తావా లేదా అని కాచుకోనుంటిని. పాస్. ఈడ నీ పోస్టింగ్ దినాలు అయ్యేలోపల ఈ చెయ్యి తల దాటల్ల," అని అంగాళమ్మ వైపు తిరిగింది. అంగాళమ్మ అప్పటికే బల్ల కింద కర్ర కోసం తడుముకుంటోంది.

"హమ్మయ్య, పాసైనావు కదా తల్లీ! ఇంక వదులు!" అన్నాను చెయ్యి లాక్కోబోతూ.

నేత్ర కళ్లు నిండిపోయి ఉన్నాయి. తుడుచుకోవడానికి కూడా పట్టు సడలించలేదు.

"పాసైనాను కాబట్టే వదలను సార్," అంది. "ఊపిరి వదలండి."