మునిర్కా బావికి సవరణ

పిల్లలూ, పేపర్లో తప్పు పడితే ఏం చేస్తారో చెప్పండి చూద్దాం?

"రబ్బరుతో తుడిచేస్తారు," అన్నాడు చైతు.

కాదు నాన్నా, అచ్చయ్యాక తుడిస్తే పోదు. "మొన్న ఫలానాది తప్పు రాశాం, సరైనది ఇదీ" అని మళ్ళీ చిన్న అక్షరాలతో వేస్తారు. దాన్నే సవరణ అంటారు. అర్థమైందిగా? ఇక వినండి.

ఇక్కడే ఢిల్లీలో, మునిర్కా పేటలో సదాశివరావని ఒక విలేకరి ఉండేవాడు. తెలుగాయనే గానీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ప్రతి ఆదివారం ఓ హిందీ పేపర్లో ఈ ఊరి పాత సంగతులు రాసేవాడు. ఏ గల్లీకి ఆ పేరెలా వచ్చింది, ఏ సందులో పతంగులు చేసేవారు, ఇలాంటివి. పొద్దున్నే సంచీ తగిలించుకుని వెళ్ళి, ముసలివాళ్ళ పక్కన నులకమంచాల మీద కూర్చుని, వాళ్ళ టీ తాగి, వాళ్ళ కబుర్లు మోసుకొచ్చేవాడు.

ఊరు కూడా ఆయన రాతకి మర్యాద ఇచ్చేది. ఒకసారి జనక్‌పురి మలుపులో ఉన్న నేరేడుచెట్టుని పొరపాటున వేపచెట్టని రాస్తే, ఆ మధ్యాహ్నానికే దానికి వేపపూత వచ్చింది. కింద నేరేడుపళ్ళు అమ్ముకునేవాడు పరిగెత్తుకొచ్చి, "భయ్యా, జల్దీ సవరణ వెయ్యండి, బేరం పోతోంది!" అని గోలపెట్టాడు. సవరణ పడింది, వేపపూత మాయమై మళ్ళీ నేరేడుపళ్ళు రాలాయి.

ఆయన పక్కగదిలో జయకుమారి అద్దెకుండేది. నరసాపురం పిల్ల, ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. తొంభై నాలుగు వేసవిలో కుళాయిలు ఎండిపోయాయి. నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళకి ఆమె డ్యూటీలో ఉండేది. ఇల్లు చేరేసరికి బిందె ఖాళీ. ఎన్నాళ్ళని పక్కవాళ్ళని అడుగుతుంది? ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోదామని ట్రంకుపెట్టె సర్దేసింది.

ఆ వారమే సదాశివరావు వేరే పల్లెలో విన్న పాతబావి సంగతిని పొరపాటున మునిర్కా పేరుతో రాసేశాడు. మొగలాయీల నాటిది, తియ్యటి నీళ్ళు అని. ఆదివారం తలుపు తీస్తే గల్లీ మధ్యలో బావి! గట్టూ, గిలకా, చేంతాడూ అన్నీ ఉన్నాయి. ఇంటి ఓనరు చౌధ్రీ ఆంటీ ఓ చేద తోడి, రుచిచూసి, "మీఠా హై" అని, అడ్డంగా ఉన్న స్కూటర్లు జరిపించింది. అంతే.

సదాశివరావు మొహం మాత్రం వేలాడింది. "తప్పు రాశాను. వచ్చే ఆదివారం సవరణ వెయ్యాలి."

"వేస్తే బావి పోదూ?" అంది జయకుమారి.

"పోతుంది సిస్టర్. కానీ చరిత్రలో అబద్ధం ఎలా ఉంచను?"

"అయితే నా పెట్టె అలాగే ఉంచుతాన్లెండి."

చౌధ్రీ ఆంటీ నడుం మీద చేతులేసుకుంది. "రావ్ సాబ్, బావి పోయిన రోజే మీరూ గది ఖాళీ చెయ్యండి, ఠీక్ హై?"

శనివారం ఆయన కలం పట్టుకుని దిగాలుగా కూర్చుంటే, జయకుమారి చంకన బిందెతో గుమ్మంలో నిలబడింది.

"రావుగారూ, మా వార్డులో బిడ్డ పుట్టిన తేదీ ఒక్కోసారి తప్పు పడుతుందండి. అప్పుడేం చేస్తామనుకున్నారు?"

"తేదీ దిద్దుతారు."

"అంతేగానండీ? బిడ్డని వెనక్కి పంపెయ్యం కదా!"

సదాశివరావు పగలబడి నవ్వాడు.

మర్నాడు పేపర్లో ఇలా పడింది: "మునిర్కా బావి మొగలాయీల నాటిదని గత వారం రాశాం. తప్పు. అది పుట్టింది పోయిన ఆదివారమే. పొరపాటుకు చింతిస్తున్నాం."

గల్లీ గల్లీ అంతా గట్టు చుట్టూ చేరి తొంగిచూసింది. నీళ్ళు ఇంకో మూర పైకొచ్చాయి! జయకుమారి బిందె నింపుకుని లోపలికెళ్ళి, పెట్టె విప్పి, చీరలన్నీ మళ్ళీ దండెం మీద వేసేసింది. ఆ వార్డులోనే హెడ్ నర్సు కూడా అయింది. చౌధ్రీ ఆంటీ బావికి బారసాల చేసి లడ్డూలు పంచింది. ఆదివారం పుట్టింది గనక ఇత్వారీ అని పేరు పెట్టారు.

"అమ్మమ్మా, అభీ భీ హై క్యా?" అంది అక్షర.

లేకేం, ఇప్పటికీ ఉంది. దానికి ఏటేటా పుట్టినరోజు కూడా చేస్తారు. సరే, జరగండి, లేవనివ్వండి. మినప్పప్పు సగమే రుబ్బి వచ్చాను.